జమాల్ సాబ్ వచ్చే దావ

జమాల్ సాబ్ పోయిన దావన తిరిగి రాడు.

కదిరిలో ఈ సంగతి తెలియనివాడు ఎవడైనా ఉంటే, వాడు ఆ పొద్దే రైలు దిగినవాడై ఉండాలి. మసీదుకు పోనీ, సంతకు పోనీ, వీధి మలుపులో ఉన్న బావికి పోనీ, పోయేది ఒక దారి, వచ్చేది మరో దారి. మరో దారి లేకపోతే ఎవరి పెరట్లోనుంచో, ఎవరి గొడ్లపాకలోనుంచో ఒకటి పుట్టించుకునైనా వస్తాడు. అట్లాగని తిక్కలోడా అంటే కాదు. దర్జీ పనిలో ఆయన చెయ్యి పడితే చొక్కాకు వంక పెట్టేవాడు లేడు. కావలసినదానికంటే జానెడు గుడ్డ ఎక్కువ అడగడు, పండగ ముందర ఇస్తానన్న చొక్కా పండగ ముందరే ఇస్తాడు. దర్జీలలో ఇది మామూలు విషయం కాదు. ఇంత మంచి మనిషికి ఈ ఒక్క పిచ్చి ఎట్లా పట్టిందా అని అందరికంటే ఎక్కువ దిగులు పడేవాడు గోవిందప్ప.

గోవిందప్పది పక్క అంగడి. బొరుగులు అమ్ముతాడు. అమ్మగా మిగిలినవీ, అమ్మకముందే మిగుల్చుకున్నవీ తనే తింటాడు. అందువల్ల ఏ వీధిలోకైనా ముందు ఆయన పొట్ట వస్తుంది, కాస్త ఆగి ఆయన వస్తాడు. ఇద్దరూ ఒకే బడిలో దెబ్బలు తిన్నవాళ్ళు. ఒక చొక్కా కుట్టడమైనా, ఒక బొరుగుల పొట్లం కట్టడమైనా మధ్యలో ఆగి ఒకరినొకరు నాలుగు మాటలు అనుకోకపోతే ఇద్దరికీ పని సాగదు.

ఈ పిచ్చికి మొదలు ఎక్కడంటే, పండగలో ఉంది. రంజాన్ పండగనాడు ఈద్గాకు ఒక దారిన పోయి, నమాజయ్యాక ఇంకో దారిన ఇంటికి రావడం సాయిబుల ఇండ్లలో ఆనవాయితీ. జమాల్ సాబ్ చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు వాళ్ళ నాయన మీరా హుస్సేన్ వేలు పట్టుకుని అట్లాగే తీసుకుపోయి అట్లాగే తీసుకొచ్చాడు. ఎందుకు నాయనా అని పిల్లవాడు అడిగాడు. ఆయన ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు గానీ, పిల్లవాడు మాత్రం పండగనాడు అన్న ముక్క వదిలేసి మిగతాదంతా గట్టిగా పట్టుకున్నాడు.

మసీదులో పెద్దాయన హజరత్ వలి చాలాసార్లు చెప్పి చూశాడు. అది పండగకేనప్పా, రోజూ ఎవురు చేయమన్నారు నిన్ను అని. జమాల్ సాబ్ ఎంతో మర్యాదగా విని, పండగనాడు మంచిదైన పని మరునాటికి చెడిపోతుందా అని అడిగేవాడు. ఆ పెద్దాయనకు జవాబు చెప్పడానికి వీలుండేది కాదు, ఎందుకంటే అప్పటికే జమాల్ సాబ్ ఇంకో వాకిట్లోనుంచి బయటికి పోయి ఉండేవాడు.

ఆయన పెళ్ళి కథ కదిరిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్ళికూతురు జుబేదాబీని తీసుకుని ఊరేగింపు వస్తుందని వీధి పొడుగునా ఆడవాళ్ళు దీపాలు పట్టుకుని నిలబడ్డారు. దీపాల్లో నూనె అయిపోయింది గానీ పెండ్లికొడుకు జాడ లేదు. కారణం ఏమిటంటే, పొద్దున ఆ వీధిన పోయాడు కాబట్టి ఇప్పుడు ఆ వీధిన రాడు. వెనక సందులోనుంచి, మేకల దొడ్డి మీదుగా కొత్తకోడలు అత్తగారింట్లో కాలు పెట్టింది. "నాకు మొదట స్వాగతం చెప్పింది మా అత్త కాదు, పోతుమేక," అని జుబేదాబీ ఇన్నేండ్ల తర్వాత కూడా అంటుంది. ఉప్పుకు పంపితే పులుసు దించినాక వస్తాడని తెలుసు గనుక, ఉప్పు అయిపోయే ముందునాడే ఆమె మొగుణ్ణి అంగడికి పంపేది.

ఒకసారి కుట్టుమిషను చక్రం విరిగితే ఇద్దరూ అనంతపురానికి బస్సులో పోయారు. పని అయ్యాక బస్సు కళ్ళముందరే నిలబడి ఉంది. కిటికీ పక్క సీటు కూడా ఖాళీ. గోవిందప్ప ఎక్కి కూర్చుని పక్కన గుడ్డ పరిచాడు. జమాల్ సాబ్ కింద నిలబడి, రాప్తాడు మీదుగా వచ్చినాం కదప్పా, మళ్ళీ రాప్తాడేనా, రైల్లో పోదాం పట్టు అన్నాడు. ఆ రైలు మరునాటిదాకా రాలేదు. స్టేషను అరుగుమీద గోనెసంచి పరుచుకుని పడుకున్న గోవిందప్ప, ఈ సాయిబుతో ఇంక ఊరు దాటితే నా పేరు గోవిందప్ప కాదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఊరు దాటినప్పుడల్లా ఆయన పేరు గోవిందప్పగానే ఉంది.

ఒకనాడు గోవిందప్ప కడుపుమండి అడిగాడు. "రేపు అందురూ పోయే చోటికి పోతావు కదా, అప్పుడేం చేస్తావప్పా?"

జమాల్ సాబ్ సూది నోట్లో పెట్టుకుని నవ్వాడు. "ఆడికి పోయినోళ్ళు పోయిన దావన ఎవురు వచ్చినారో చెప్పు. అందురూ నా మాదిరే."

శుక్రవారం నమాజు, ఆదివారం కొండ. ఇది జమాల్ సాబ్ నియమం. ఊరి బయట గువ్వలకొండ ఉంది. ముందువైపు తుమ్మచెట్లు, సీతాఫలం చెట్ల మధ్య మెల్లగా పైకి ఎక్కే కాలిబాట. పైన నలుగురు కాళ్ళు చాపుకుని కూర్చునేంత బండ. ఆ బండ మీద కూర్చుంటే కింద లోయంతా కనిపిస్తుంది, ఎండిన మద్దిలేరు ఇసుకా, ఎర్రటి శెనక్కాయ చేలూ, వాటి మధ్యలో పొగ వదులుతూ పోయే రైలూ. వెనకవైపు మాత్రం దిగుడే దిగుడు, కాలు పెడితే జారే గులకరాళ్ళు. ఆ వెనకవైపు దిగి, కొండ అడుగున బండిబాట పట్టుకుని చుట్టూ తిరిగి ఊరు చేరడం జమాల్ సాబ్ పద్ధతి. గోవిందప్ప బండదాకా వస్తాడు, బొరుగులు తింటాడు, వచ్చిన దారినే చల్లగా దిగిపోతాడు. ఇన్నేండ్లలో ఆయన కొండ వీపు చూసింది లేదు.

దారి పొడుగునా పిట్టలే. జమాల్ సాబ్‌కు పిట్టలంటే ప్రాణం, కానీ వాటిని కూడా దర్జీ కంటితోనే చూస్తాడు. పికిలిపిట్ట కనిపిస్తే, చూడప్పా, నల్ల షేర్వానీ బాగానే కుట్టించుకున్నాడు గానీ కూచునే చోట చినిగిపోతే ఎర్రగుడ్డతో మాసిక వేసినారు అనేవాడు. పాలపిట్ట కొమ్మమీద ఉంటే ఆగమనేవాడు. కూచున్నప్పుడు దుమ్ముకొట్టుకున్న కోటే కదా, ఎగరనీ, లోపల లైనింగు చూద్దువు. అది రెక్క విప్పగానే నీలం మెరిసేది. లైనింగుకు అంత మంచి గుడ్డ వేసి పైన ఇట్లాంటిది కుట్టిన దర్జీ ఎవరోగానీ మహానుభావుడు అని మురిసిపోయేవాడు.

ఆయన భుజాన ఎప్పుడూ ఒక సంచి. ఎక్కేటప్పుడు ఉబ్బి ఉంటుంది, సోమవారం అంగడికి వచ్చేసరికి చప్పబడి ఉంటుంది. ఏముందిరా అందులో అని గోవిందప్ప ఒకసారి వేలు పెట్టి చూశాడు. గుడ్డపేలికలు. రవికెలు, చొక్కాలు కత్తిరించగా మిగిలిన ముక్కలు.

"ఎవురికప్పా ఇవి?"

"కొండకు ఆ పక్క ఒక కుట్టుపిట్ట ఉండాది. గూటికి."

ఆకులు కుట్టి గూడు కట్టుకునే పిట్ట సంగతి గోవిందప్ప విన్నాడు. కానీ రవికె ముక్కలతో కట్టుకునే పిట్ట ఎట్లా ఉంటుందో చూడాలని ఆయనకు ఎంతో ఆశ. ఆ ఆశ ఒక పక్కనా, వెనక దిగుడు ఒక పక్కనా పెట్టి తూచుకుని, ప్రతిసారీ వచ్చిన దారినే దిగిపోయేవాడు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. సీతాఫలాలు పండకముందే రాలిపోయాయి. చలి మొదలయ్యే రోజుల్లో జమాల్ సాబ్ వెనక దిగుడులో జారి పడ్డాడు. కుడి మోకాలు బూరెలా పొంగింది. ఒక ఆదివారం కొండ తప్పిపోయింది. డాక్టరు నొక్కి చూసి, మెల్లగా నడిస్తే నడువు, ఎక్కితే ఎక్కు, ఆ రాళ్ళ దిగుడు మాత్రం మళ్ళీ దిగావంటే ఈ కాలు మడవడానికి పనికిరాదు అన్నాడు. దర్జీకి ఆ మాట చాలు. మిషను తొక్కే కాలు పోతే చేతులు ఉండీ ఏం లాభం.

జుబేదాబీ గోవిందప్ప అంగడికే వచ్చింది. ఎప్పుడూ గుమ్మం దాటని మనిషి వచ్చేసరికి ఆయన తింటున్న బొరుగులు పక్కన పెట్టి లేచాడు.

"గోవిందన్నా, ఈ ఆదివారం ఎట్లయినా కొండకు పోతా అంటాండాడు. నేను చెప్తే వినడు. ఆ కాలు తొక్కితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ముందు దావన తీసుకపోయి ముందు దావన తీసుకరా. నీకు పున్నెం ఉంటాది."

గోవిందప్ప తన బొరుగుల బట్టీ మీద ఒట్టు వేశాడు. ఆయన దృష్టిలో అంతకంటే పెద్ద ఒట్టు లేదు.

ఆదివారం పొద్దున ఇద్దరూ మెల్లగా ఎక్కారు. జమాల్ సాబ్ చేతిలో కర్ర, భుజాన ఎప్పటికంటే ఉబ్బిన సంచి. వెనక దిగుడు మానిపించడానికి గోవిందప్ప ఎలుగుబంటితో మొదలుపెట్టాడు. వెనకపక్క ఎలుగుబంటి తిరుగుతోందని గొర్రెలవాళ్ళు చెప్పారన్నాడు. పాపం చలికాలం, దానికి కూడా ఒక అంగీ కొలత తీసుకుందాంలే అన్నాడు జమాల్ సాబ్. బండ మీదికి చేరాక గోవిందప్ప ఇంకో ఎత్తు వేశాడు. సంచి తీసుకుని దానిమీద కూర్చున్నాడు. ఆ మనిషి కూర్చున్న వస్తువును లాగడం ఇంకొకరి వల్ల అయ్యే పని కాదు. జమాల్ సాబ్ తొందరపడలేదు. బొరుగుల పొట్లం తీసి కాస్త దూరంలో పెట్టాడు. కొంచెంసేపటికి సంచి జమాల్ సాబ్ భుజానికి, పొట్లం గోవిందప్ప చేతికి వచ్చాయి.

ఇక దాచి లాభం లేదని గోవిందప్ప డాక్టరు మాట, జుబేదాబీ మాట, తన ఒట్టు, అన్నీ బయట పెట్టాడు. తన పక్క అంగట్లో మిషను చప్పుడు ఆగిపోవడం ఆయన ఊహకు కూడా అందడం లేదు. ఆ చప్పుడు లేకపోతే తను ఎవరిని తిట్టాలి, ఏ ధైర్యంతో బొరుగులు అమ్మాలి.

జమాల్ సాబ్ సంచి భుజాన సర్దుకుని లోయవైపు చూశాడు. కింద ఎక్కడో కౌజుపిట్ట అరుస్తోంది.

"నాకు మాత్రం తెలీదా గోవిందా. కానీ పోయిన వారమే రాలేదు. ఈ వారం కూడా రాకపోతే ఆ కుట్టుపిట్ట ఏమయిపోతాది? ఈ ఒక్కసారి దిగి, ఇంక రాలేనని చెప్పి వస్తా. నీ భుజం ఇస్తావా, నేనే పోవల్లా?"

పిట్టకు సెలవు చెప్పడానికి కాలు పోగొట్టుకునే మనిషితో ఏం వాదించగలం. గోవిందప్ప భుజం ఇచ్చాడు. బొరుగుల బట్టీని తలుచుకుని మనసులో క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. దిగేటప్పుడు ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పడం కష్టం. మొదట్లో గోవిందప్ప నిలబడి దిగాడు, తర్వాత వంగి దిగాడు, చివరికి కూర్చుని దిగాడు. పంచె వెనకభాగం చూసి జమాల్ సాబ్, నీకూ పికిలిపిట్ట మాదిరి ఎర్ర మాసిక వేయాల్సిందే అన్నాడు.

కింద వేపచెట్టు, దానికింద బోదగడ్డి కప్పిన కొట్టం, నాలుగు మేకలు. కొట్టం ముందర ఒక ముసలామె సగం కుట్టిన బొంత ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. చూపు వీళ్ళవైపే ఉంది గానీ పోల్చుకోలేకపోతోందని తెలుస్తూనే ఉంది. కర్ర చప్పుడు విని పోల్చుకుంది.

"ఏం సాయిబూ, పోయిన వారం యాడ చచ్చినావు? నీ చెత్త పారేసేదానికి ఇంకో ఇల్లు దొరికిందనుకుంటి."

"లేదు నల్లమ్మక్కా, మోకాలు నొచ్చింది. ఈ పేలికలు అంగడినిండా పడి నాకు కూచునేదానికి చోటు లేదు. మా ఇంట్లో ఆమె తిడతాండాది. ఈడ పెట్టిపోతానక్కా, నీకు అడ్డం కాకపోతే."

"అడ్డమే. అయినా ఏం చేస్తాం, పెట్టిపో," అంది నల్లమ్మ. సంచి మాత్రం ఆయన దించేలోపలే అందుకుంది.

గోవిందప్ప ముసలామెను చూశాడు, బొంతను చూశాడు. అందులో తన పాత చొక్కా అంచు, ఊళ్ళో సగంమంది రవికెలు కనిపించాయి. కుట్టుపిట్ట ఎవరో అప్పుడు తెలిసింది.

ఆమె నీళ్ళు తేవడానికి లోపలికి పోగానే జమాల్ సాబ్ గొంతు తగ్గించి చెప్పాడు. నల్లమ్మ బొంతలు కుట్టి గొర్రెలవాళ్ళకు అమ్ముకుని బతుకుతుంది. ఒకరి దగ్గర చెయ్యి చాపదు. వెనకటి కరువులో ఊరూరా గంజి కేంద్రాలు పెట్టినప్పుడు కూడా గిన్నె పట్టుకుని వరసలో నిలబడనని రేగుపండ్లు తిని బతికిన మనిషి. ఆమె కోసమే పేలికలు మూటగట్టి మొదటిసారి తెచ్చి ఇస్తే, నేను అడిగినానా అని కంపమీదికి విసిరేసింది. ఆ మరుసటి వారం ఆయన ఇంటికి పోతూ పోతూ వచ్చినట్టు వచ్చి, ఈ బరువు మోయలేకపోతున్నాను, ఇక్కడ పడేసి పోనా అని అడిగాడు. సాయం తీసుకోని ముసలామె సాయం చేయడానికి మాత్రం ఒప్పుకుంది.

"పనిగట్టుకోని వస్తే పుచ్చుకోదప్పా. దావలో పోతా పోతా అంటే పుచ్చుకుంటాది. పండగనాడు మా నాయన చెప్పింది ఇదే. పోయే దావలో ఉండేవాళ్ళు మనల్ని చూస్తారు, మనం వాళ్ళను చూస్తాం. వచ్చే దావలో ఉండేవాళ్ళు మాత్రం మనుషులు కాదా, వాళ్ళను ఎవురు చూడల్ల అన్యాడు."

గోవిందప్పకు మేకలదొడ్డి, రాప్తాడు బస్సు, స్టేషను అరుగు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇన్నేండ్లు ఈ మనిషిని తిట్టిన తిట్లు కూడా గుర్తొచ్చాయి. కళ్ళు తుడుచుకుంటే బాగుండదని ముఖమంతా తుడుచుకున్నాడు.

నల్లమ్మ నీళ్ళతో పాటు ఒక చిన్న గుడ్డదిండు తెచ్చి ముందర పెట్టింది. దాన్నిండా సూదులు. ఒక్కదానికీ దారం లేదు. వారమంతా వాటిని కళ్ళదగ్గర పెట్టుకుని ఆమె ఎంత తంటాలు పడిందో పక్కన కుప్పగా పడి ఉన్న నలిగిన దారాలు చెబుతున్నాయి.

"నీ కండ్లు ఎట్లుండాయో చూసుకో సాయిబూ. దర్జీవి, కండ్లు పోతే కష్టం."

"చూసుకుంటానక్కా," అని జమాల్ సాబ్ ఒక్కొక్క సూదికీ పొడుగాటి దారం ఎక్కించి మళ్ళీ దిండుకు గుచ్చుతూ పోయాడు. అన్నీ అయ్యాక లేచాడు. చెప్పాల్సిన మాట చెప్పడానికి నోరు తెరిచాడు. మోకాలు నిమురుకుంటూ, అక్కా, వచ్చే వారం నుంచీ, అని ఆగిపోయాడు.

"వచ్చే వారం నుంచీ నేను వస్తానమ్మా," అన్నాడు గోవిందప్ప.

ఆ మాట తన నోట్లోనుంచే వచ్చిందా అని ఆయనే ఒకసారి చుట్టూ చూసుకున్నాడు. నల్లమ్మ ముఖం ముడుచుకుంది. నువ్వు ఎందుకు వస్తావు, నిన్ను ఎవరు రమ్మన్నారు అంది. జమాల్ సాబ్ సంచివైపు చూశాడు. ఒక్క మాట తేడా వస్తే సంచి కంపమీదికి పోతుంది.

గోవిందప్ప తన పొట్టను రెండు చేతులతో పట్టుకుని చూపించాడు. "ఇది చూడమ్మా. ఇది తగ్గకుంటే మనిషివి దక్కవన్యాడు డాక్టరు. వారానికోసారి కొండెక్కి ఈ పక్క దిగల్లంట. ఉత్తచేతుల్తో దిగితే చాలదు, బరువు మోయల్లంట. సాయిబు పేలికలు నేను మోస్తా. మోసినాక యాడో ఒకచోట పారేయల్ల కదా."

నల్లమ్మ దగ్గరికి వచ్చింది. కళ్ళు చాలవని చేత్తో తడిమి చూసింది. "అవునప్పా, ఇది చానా ఉండాది. నడవాల్సిందే," అని తేల్చింది. "వచ్చి పో. కండ్లు మంచివేనా నీవి? అవీ చూసుకో."

పేలికలు పడేసి పోవడానికి ఇల్లు ఇచ్చినందుకు, కళ్ళు చూసుకోవడానికి సూదులు ఇచ్చినందుకు ఇద్దరూ ఆమెకు దండం పెట్టారు. జమాల్ సాబ్ బండిబాటలో వస్తున్న బండిని ఆపడానికి ముందు నడిచాడు. గోవిందప్ప పంచె సర్దుకుంటూ ఉంటే నల్లమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ సాయిబు ఇంటికి ఇది దావ కాదని నాకు తెలీదనుకున్యావా? ఇంత చుట్టు తిరిగి ఎవుడొస్తాడు ఇంటికి. కొంచెం తిక్క ఉన్నట్టుండాది పాపం. నేను వద్దంటే నొచ్చుకుంటాడని ఇన్ని దినాలూ ఓర్చుకుంటాండా. నువ్వు మాత్రం ఆ మాట అనొద్దు వానితో."

అననమ్మా అని గోవిందప్ప ఒట్టు వేశాడు. ఈసారి బట్టీ మీద వేయలేదు, ఆ ఒట్టు అప్పటికే ఒకసారి చెడిపోయింది.

ఇంటి దగ్గర జుబేదాబీ ఉగ్రరూపంలో నిలబడి ఉంది. గోవిందప్ప జరిగినదంతా చెప్పేదాకా ఇద్దరినీ గుమ్మం ఎక్కనివ్వలేదు. విన్నాక లోపలికి పోయి తన పెట్టెలోనుంచి పెండ్లినాటి గాగ్రా ముక్క ఒకటి తెచ్చి సంచిలో వేసింది. మేకలదొడ్డి వాసన ఇంకా పోలేదు, ఆమెకు నచ్చకపోతే మేకలకు నచ్చుతుంది అంది.

మరుసటి ఆదివారం ఇద్దరూ మళ్ళీ బండదాకా ఎక్కారు. జమాల్ సాబ్ సంచి తీసి గోవిందప్ప భుజానికి తగిలించాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన వచ్చిన దారినే తిరిగి పోవాలి. గోవిందప్పకు అది చూడబుద్ధి కాలేదు. రెండడుగులు దిగి, ఉండబట్టక వెనక్కి తిరిగి చూశాడు.

జమాల్ సాబ్ కర్ర ఊతంగా మెల్లగా దిగుతున్నాడు. బాటకు అవతలి అంచు పట్టుకుని, తుమ్మముండ్లు అంగీకి తగులుతున్నా పట్టించుకోకుండా, సరిగ్గా ఆ అంచునే పోతున్నాడు.

"ఏమప్పా, ముండ్లల్లో పడి పోతాండావు?" అని కేకేశాడు గోవిందప్ప.

"ఎక్కేటప్పుడు ఈ అంచు కాదు కదప్పా. దావ వేరేదే," అని కింద నుంచి జవాబు వచ్చింది.

గోవిందప్ప లావు వేళ్ళకు సూదులు లొంగడానికి చాలా వారాలు పట్టింది. ఒక్క సూదికి ఇంతసేపా, నీ కండ్లకంటే నా కండ్లే నయమని నల్లమ్మ తిడుతూ ఉండేది. పొట్ట మాత్రం తగ్గలేదు, ఎందుకంటే బొరుగులు కూడా మోసుకుపోయేవాడు. పోతా పోతా మోయలేక ఒక శేరు అక్కడ పడేసి వచ్చేవాడు. పక్క అంగట్లో మిషను ఎప్పటిలాగే చప్పుడు చేస్తూ ఉండేది.

ఆ చలికాలం పోకముందే ఒకరోజు సాయంత్రం గోవిందప్ప అంగడి మూసి ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. అంగడికీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క వీధి. అన్నం చల్లారిపోయిందని భార్య మారెక్క వాకిట్లోనే నిలదీసింది. ఇంతసేపు ఏ దావన వచ్చినావు అంది.

గోవిందప్ప కాళ్ళు కడుక్కుంటూ అటువైపు తిరిగి అన్నాడు. "పొద్దున ఈ వీధినే కదే పోయినాను. మళ్ళీ ఇదేనా?"